మా బావగారి వర్గాలు

మా అక్కకు సంబంధం కుదిరిన రోజుల్లో, అబ్బాయి బెంగళూరులో ట్యాక్సానమిస్టు అని పెళ్లిళ్ల పేరయ్య చెబితే మా నాన్న ఆ మాటలో ముందు సగమే విన్నాడు. "అల్లుడు ట్యాక్సు ఆఫీసరు" అని ఊరంతా చెప్పేశాడు. పదమూడేళ్లయింది, ఆ పుకారు ఇంకా చావలేదు. జూలై నెల వస్తే చాలు, మా పెదనాన్న ఫారం 16 ముందు పెట్టుకుని బావగారికి ఫోన్ కలుపుతాడు.

"నాది పన్నులేసే పని కాదండీ, పేర్లు పెట్టే పని" అంటారు బావగారు, ఏటా అదే ఓపికతో.

"పేర్లు పెట్టడానికి జీతం కూడానా? మీ పెద్దత్తగారు పొద్దున లేచింది మొదలు ఊరికే పెడుతోంది" అంటాడు పెదనాన్న.

ఆయన పనేమిటో నాకు దోసకాయ వల్ల తెలిసింది. మారతహళ్లి దాటాక ఒక అద్దాల మేడలో, ఆన్‌లైన్‌లో సరుకులమ్మే కంపెనీ ఆయనది. వీధిలో కూరల బండి ఆవిడనైతే "పప్పులోకి దోసకాయ ఉందా" అని అడుగుతాం, ఆవిడ మన మొహం చూసి మనకు కావలసినదే తీసిస్తుంది. ఆన్‌లైన్ కొట్టులో ఆవిడ ఉండదు. ఆవిడ బుర్రకు బదులు మా బావగారి పట్టిక ఉంటుంది. గోదాములో గుట్టలుగా సరుకున్నా సరే, పట్టికలో చీటీ తప్పు పడిందంటే కొనేవాడికి లోకంలో దోసకాయే లేదు.

అదే జరిగింది. తెలుగువాడెవడో 'దోస' అని కొడితే దోసె పిండి వచ్చింది. 'దోసకాయ' అని కొడితే పొడుగాటి కీరా వచ్చింది, కన్నడంలో సౌతెకాయి అంటారే, అది. మన గుండ్రటి పసుపుపచ్చటిది ఏమైపోయిందా అని వెతికితే, దాన్ని ఎవరో 'పప్పు దోసకాయ' అని రాయగా, కొత్తగా చేరిన కుర్రాడు ఆ పేరులో మొదటి మాట పట్టుకుని కందిపప్పు పక్కన సర్దేశాడు. దోసకాయ పప్పుల జాతిలో చేరింది! దాన్ని మళ్లీ కూరగాయల్లోకి తేవడానికి మూడు మీటింగులు పట్టాయి. ఒక వస్తువుకు ఒకటే అసలు పేరు, మిగతావన్నీ దానికి కట్టిన మారుపేర్లు. ఏ పేరుతో పిలిచినా అదే వస్తువు పలకాలి. బీరకాయన్నా హీరెకాయి అన్నా, కందిపప్పన్నా తొగరిబేళె అన్నా. ఇదీ బావగారి సిద్ధాంతం. ఇందులో నేను వంక పెట్టేదేం లేదు.

ఉద్యోగాన్ని ఆఫీసులో వదిలేసి వచ్చే మనిషైతే ఈ కథ ఇక్కడితో సరి.

బావగారి పూజగదిలో వెంకటేశ్వరస్వామి పక్కన ఒక పెద్దాయన ఫొటో ఉంటుంది. వాళ్ల తాతగారనుకుని మొదటిసారి నేను దణ్ణం కూడా పెట్టాను. తీరా ఆయన శియాళి రామామృత రంగనాథన్. మద్రాసులో లెక్కల మాస్టారుగా ఉండి, 1924లో యూనివర్సిటీ లైబ్రేరియన్ అయి, చేరీ చేరగానే "నన్ను మళ్లీ క్లాసుకే పంపేయండి" అని మొరపెట్టుకున్నాడట. ముందు లండన్ వెళ్లి రమ్మన్నారు. అక్కడ ఒక పెద్ద దుకాణంలో మెకానో అనే పిల్లల ఆటవస్తువు కంటబడింది. అవే రేకుముక్కలు, అవే బోల్టులు. ఒకలా బిగిస్తే బండి, ఇంకోలా బిగిస్తే క్రేను. విషయాలను కూడా ముందే కట్టేసిన గూళ్లలో కూరకుండా, ముక్కల్ని బిగించి తయారుచేసుకోవచ్చు కదా అని ఆయనకు తట్టింది. 1933లో కోలన్ వర్గీకరణ వచ్చింది. రెండు చుక్కల ఆ కోలన్ గుర్తే బోల్టు. తర్వాత ఆయన బెంగళూరు చేరి, 1962లో ఇక్కడే డీఆర్‌టీసీ అనే డాక్యుమెంటేషన్ శిక్షణ సంస్థ పెట్టి, 1972లో ఇక్కడే కన్నుమూశాడు. ఆ సంస్థ ఇప్పుడు మైసూరు రోడ్డులో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ ఆవరణలో ఉంది. ఆ దారిన వెళ్లినప్పుడల్లా బావగారు కారు స్లో చేస్తారు. ఆగస్టు 12న, లైబ్రేరియన్ల దినోత్సవం నాడు, ఇంట్లో పాయసం.

ఆ వర్గీకరణలో దేనికైనా అయిదు ముఖాలు: వ్యక్తిత్వం, పదార్థం, శక్తి, స్థలం, కాలం. 1950లో మన దేశంలో ఎక్స్‌రేతో ఊపిరితిత్తుల క్షయకు చేసే చికిత్స మీద పరిశోధన అన్నది పాఠ్యపుస్తకాల్లో ఇచ్చే ఉదాహరణ. ఎల్ వైద్యం, 45 ఊపిరితిత్తులు, 421 క్షయ, 6 చికిత్స, 253 ఎక్స్‌రే, 44 ఇండియా, ఎన్5 అంటే 1950. బావగారు దీన్ని ఎక్కం అప్పజెప్పినట్టు చెబుతారు. ఊపిరితిత్తులతో ఆగినా బాగుండేది. మా అమ్మ పంపిన గోంగూర జాడీ ముందేసుకుని ఒక ఆదివారం మొదలుపెట్టారు.

"చూడోయ్. వ్యక్తిత్వం, పచ్చడి. పదార్థం, గోంగూర. శక్తి, అంటే దానికి జరిగిన పని, రోట్లో నూరడం. స్థలం, అనంతపురం. కాలం, నిరుడు మాఘం."

"ఉప్పు ఎక్కువైందని రాయడానికి గడి లేదాండీ?" అంది అక్క.

బావగారికి వేళాకోళం తెలియదు. "మంచి ప్రశ్న. అది గుణం. గుణాన్ని రంగనాథన్‌గారు పదార్థం కిందికే తెచ్చారు" అని చీటీ మీద ఎక్కించారు.

ఈ జాతి మనుషులు బెంగళూరులో ఇప్పుడు వీధికొకరున్నారు. గుర్తుపట్టడం సులువు. వాళ్ల ఫోనులో ఎవరి పేరూ ఒంటరిగా ఉండదు. ప్లంబరు పేరు పక్కన 'కన్నడ, ఆదివారం రాడు' అని ఉంటుంది. ఒకసారి బావగారి ఫోను నా చేతికొచ్చినప్పుడు నన్ను నేను వెతుక్కున్నాను. 'బావమరిది, అప్పు, 2021, పెండింగ్' అని ఉంది. తప్పేం లేదు, అన్నీ నిజాలే. అయినా ఆ రోజు భోజనం సహించలేదు.

చీరల కథ మాత్రం కొంచెం నిదానంగా చెప్పాలి. మా అక్క పెళ్లినాటి ఎర్ర ధర్మవరం చీర ఏ అరలో పెట్టాలన్నది సమస్య. పట్టుచీరల్లోనా, పెళ్లి చీరల్లోనా, ఎరుపు రంగు వాటిలోనా? బీరువాలో చీర ఒక్కచోటే ఉండగలదు. కానీ ట్యాగుల్లో అదే చీర పదిచోట్ల ఉంటుంది, ఏ వైపు నుంచి వెతికినా దొరుకుతుంది. ఈ తేడా వివరిస్తున్నప్పుడు బావగారి కళ్లు మెరుస్తాయి, చూడముచ్చటగా ఉంటుంది కూడా. రెండు శనివారాలు కూర్చుని ప్రతి చీరకూ నంబరేసి, ఫొటో తీసి, ఫోనులో పట్టిక తయారుచేశారు. ట్యాగులు అక్క చెప్పాలి, ఆయన ఎక్కించాలి. విసుగొచ్చిన అక్క ఒకచోట "'మీ అమ్మ పెట్టింది', 'నాకు నచ్చనిది' అని రాసుకోండి" అంది. వేళాకోళం తెలియదని చెప్పాను కదా. రాసుకున్నారు. ఆ తర్వాత కుటుంబసభ్యులందరికీ ఉపయోగపడుతుందని ఆ పట్టికను ఇంటివాళ్ల వాట్సాప్ గ్రూపులో పెట్టారు. దసరాకు వచ్చిన అత్తగారు కళ్లజోడు సవరించుకుని 'నాకు నచ్చనివి' నొక్కారు. పదకొండు చీరలు వచ్చాయి. తొమ్మిది ఆవిడ పెట్టినవే. వెతికిన దాన్ని క్షణంలో బయటపెట్టింది, ఎంత చక్కటి వర్గీకరణ!

మామూలు జనం తోచిన మాటతో ట్యాగు తగిలించుకోవడం ఆయనకు అరాచకంలా కనిపిస్తుంది. 2007 ఆగస్టులో క్రిస్ మెస్సీనా అనే ఆయన ట్విట్టర్లో గుంపు మాటలకు ముందు హ్యాష్ గుర్తు పెడదామని ప్రతిపాదించిన నాటి నుంచి లోకం చేయి దాటిందంటారు. అపార్టుమెంటు పండగ ఫొటోలనే చూడండి. తెలుగువాళ్లు 'ఉగాది' అని, కన్నడిగులు 'యుగాది' అని, పిల్లలు 'హ్యాపీఉగాది' అని పెట్టారు. ఒకే పందిరి కింద తిన్న ఒబ్బట్లు మూడు కుప్పలైపోయాయి. అన్నిటినీ ఒక పేరు కిందికి తెద్దామని బావగారు సంఘంలో ప్రతిపాదించారు. ఏ పేరు కిందికి అన్న దగ్గర ఆ సమావేశం ఆగింది. ఇప్పటికీ అక్కడే ఉంది.

రాత్రిళ్లు తెలుగు వికీపీడియాలో వర్గాలు సరిచేస్తుంటారు. ఓసారి మా నాన్న ఫోన్ చేస్తే అక్క "ఆయన వర్గాలు కలుపుతున్నారు నాన్నా" అంది. అనంతపురం మనిషి కదా, ఆ మాటకు మా నాన్న గొంతు తగ్గించి, "రాజీ కుదిరేట్టుందా? ఎందుకొచ్చిన గొడవమ్మా, వేలు పెట్టొద్దని చెప్పు" అన్నాడు.

ఇంత శాంతమూర్తికి కోపం తెప్పించే మాట ఒక్కటే, 'ఇతరాలు'. దానికి కారణం మెల్విల్ డ్యూయీ. 1876లో ఆయన అమెరికాలో పుట్టించిన గ్రంథాలయ దశాంశ పద్ధతిలో సాహిత్యానికి 800. ఇంగ్లీషుకు 820, జర్మనుకు 830, ఫ్రెంచికి 840, ఇలా తలా ఒక గది. చివరి 890లో మిగిలిన ప్రపంచమంతా. మన తెలుగు సాహిత్యం అందులో 894.827. "నన్నయ దగ్గర్నుంచీ అందరూ బిందువు తర్వాత మూడో అంకెలో తలదాచుకోవాలటోయ్!" అని భోజనాల దగ్గర ఆయన కంఠం పెరిగితే పిల్లలు పళ్లేలు తీసుకుని టీవీ ముందుకు వెళ్లిపోతారు. అందుకే ఇంట్లో ఏ డబ్బా మీదా ఆ మాట ఉండకూడదు.

అక్కకు మాత్రం అలాంటి డబ్బా ఒకటి ఉంది. పాత డాల్డా డబ్బా, పొయ్యి పక్కన, చీటీ లేకుండా. అందులో పిన్నీసులు, రబ్బరు బ్యాండ్లు, కుక్కరు పాత గాస్కెట్టు, తిరుపతి కుంకుమ పొట్లం, ఎవరిదో తాళంచెవి. బావగారు దాన్ని చూసి చూడనట్టు పోతారు.

మొన్న మే నెలలో నేనక్కడ ఉండగా గాలివాన వచ్చింది. కరెంటు పోయింది, అపార్టుమెంటు జనరేటరూ మొరాయించింది. "కంగారు పడకండి, కొవ్వొత్తి ఎక్కడుందో పట్టికలో ఉంది" అని బావగారు ఫోను టార్చి వేసుకుని బయల్దేరారు. 'వెలుతురు' చూశారు, బల్బులు. 'దీపావళి' చూశారు, ప్రమిదలు. 'అత్యవసరం' చూశారు, బ్యాండేజీలు. చేతిలో అంత దీపం పట్టుకుని దీపం కోసం ఒక్కో చీటీ చదువుకుంటూ ఆయన పావుగంట ఇల్లంతా తిరిగారు. నేనూ, పిల్లలూ ఆ వెలుగు ఎటు పోతే అటు చూస్తూ కూర్చున్నాం. ఈలోగా అక్క చీకట్లోనే చేయి చాచింది, మూత టప్పుమంది, అగ్గిపుల్ల గీసింది.

ఆ రాత్రి బావగారు ఏమీ అనలేదు. పొద్దున కాఫీ వేళకు ఆయన డాల్డా డబ్బా ముందు కొత్త చీటీ, పెన్ను పట్టుకుని నిలబడి ఉన్నారు. డబ్బాకు అప్పటికే ఒక చీటీ అంటించి ఉంది, అక్క చేతిరాతతో: 'ఇందులో ఏముందో నాకు తెలుసు.'