భద్రతా మండలి పెద్దలకు వల్లూరు నుంచి ఒక అర్జీ

మహారాజశ్రీ అమెరికా, రష్యా, చైనా, బ్రిటన్, ఫ్రాన్సు దొరలకు,

కడప జిల్లా వల్లూరులో మండలాఫీసు ముందర చెట్టు కింద కూర్చుని అర్జీలు రాసుకుని బతికే ఒక ముసలాయన నమస్కారాలు. ఇక్కడ మేం క్షేమం. అక్కడ తమరూ క్షేమమేనని రోజూ పేపర్లో చూస్తూనే ఉన్నాం. తమకూ మాకూ నడుమ ఉన్నవాళ్ల క్షేమం గురించే ఈ అర్జీ.

విషయం: ఐక్యరాజ్య సమితి భద్రతా మండలిలో మా వల్లూరుకు ఒక శాశ్వత కుర్చీ ఇప్పించమని కోరుట.

తమరు నవ్వుతారని తెలుసు. ఇది చదివి వినిపిస్తే టీకొట్టు కాడ మావాళ్లే నవ్వినారు. అయినా తమరి కుర్చీలు తమకెట్లా వచ్చినాయో ఒకసారి తలుచుకోండి. 1945లో యుద్ధం గెలిచిన పక్షాన ఉన్నారు, అంతే కదా. ఒకప్పుడు గెలవడమే అర్హత అయితే మాకూ ఉంది. పదమూడో శతాబ్దంలో మా వల్లూరు రాజధాని సామీ. కాకతీయ గణపతిదేవుడు తన గుర్రపు దళం నడిపిన గంగయ సాహిణికి ఈ సీమను అప్పజెప్తే, ఆ కాయస్థులు ఇక్కడి నుంచి ఏలినారు. ఆ వంశంలో అంబదేవుడనే ఆయనకు ఓరుగల్లుకు తలవంచడం నచ్చలేదు. దక్షిణాన పాండ్యులతో, పడమట దేవగిరి యాదవులతో చెలిమి కట్టి రుద్రమదేవి మీద తిరగబడినాడు. 1289లో ఆమె కన్నుమూసిందని చందుపట్ల శాసనం చెప్తుంది. పోరులోనే పోయిందని, ఎదుటివాడు మా అంబదేవుడేనని చరిత్రకారుల అంచనా. గొప్పగా చెప్పుకునే సంగతేం కాదు. ఒక పెద్దరాజ్యం మీద కోపమొస్తే ఇంకో పెద్దరాజ్యాన్ని ఇంటికి పిలుచుకునే విద్యలో మేం తమరికంటే పాతకాపులమని మనవి చేయడానికి రాస్తున్నా.

రెండో అర్హత ఇంకా గట్టిది. తమరు ఐదుగురిలో ఇద్దరు మా శిస్తు తిన్నవాళ్లే.

ముందు ఫ్రాన్సు దొర వారికి. 1792లో శ్రీరంగపట్నం సంధి జరిగి టిప్పు చేతిలోని కడప సీమ నిజాం అలీఖాన్‌కు పోయింది. ఆయన కొలువులో రేమండ్ అనే తమరి దేశస్థుడు పటాలాలు పెంచుతున్నాడు. సిపాయిలకు జీతాలు కావాలి, తుపాకులకు మందుగుండు కావాలి. వాటి ఖర్చు కింద కడప సీమ రేమండ్‌కు జాగీరైంది. పెన్న ఒడ్డున జొన్న పండించి శిస్తు కట్టిన మా రైతుకు, ఆ రూకలు హైదరాబాదులో ఏ తెల్లదొర సిపాయి జీతంలో కలిసినాయో ఎవరు చెప్పుంటారు? ఒకసారి హైదరాబాదు పోయినప్పుడు అస్మాన్‌గఢ్ గుట్టెక్కి రేమండ్ సమాధి చూసి వచ్చినా. ఎత్తయిన రాతి స్తంభం, దాని మీద ఆయన పేరు పొడి అక్షరాలు. చుట్టూ ఊరు పెరిగిపోయింది. కింద మూసారాంబాగ్‌లో ఆటో ఎక్కేవాళ్లకు ఆ పేరు ఈయనదేనని తెలియదు. ఆయనను జనం మంచివాడనే చెప్పుకున్నారట, కాదనను. నేను మాత్రం ఆ స్తంభం చుట్టూ తిరిగి, ఇందులో మా జొన్నల వాటా ఎంతుంటుందా అని లెక్క వేసుకున్నా.

ఇక బ్రిటన్ దొర వారికి. 1795లో ఖర్దా కాడ మరాఠాలు నిజామును చితక్కొట్టినప్పుడు, మిత్రులమని చెప్పుకున్న తమరి కంపెనీ చేతులు కట్టుకుని కూర్చుంది. నిజాము అలిగి రేమండ్‌ను ఇంకా చేరదీసినాడు. అప్పుడు తమరికి నిద్ర పట్టలేదు. 1798 మార్చిలో రేమండ్ పోయినాడు. సెప్టెంబరులో తమరు నిజాముతో కాగితం రాయించుకున్నారు: ఆరు పటాలాలు కాపలా, ఏటా 24 లక్షల పైచిలుకు రూపాయలు. అక్టోబరులో తమరి రెసిడెంటు కిర్క్‌పాట్రిక్ దొర ఉపాయంగా 14 వేల మంది ఫ్రెంచి పటాలం చేత తుపాకులు కింద పెట్టించినాడు. నెత్తురు చుక్క రాలలేదంటారు. ఫ్రెంచివాళ్ల చోట ఇంగ్లీషువాళ్లు వచ్చి నిలబడినారు, శిస్తు కట్టే మేం మాత్రం మారలేదు.

రెండేళ్లు తిరిగేసరికి పటాలాలు పెరిగినాయి. ఏటేటా నగదు వసూలు చేసుకోవడం తలనొప్పి, భూమే ఇచ్చేయమన్నారు. 1800 అక్టోబరు 12న నిజాము సంతకం పెట్టినాడు. 1792లో, 1799లో మైసూరు నుంచి తనకు దక్కిన సీమలన్నీ కంపెనీకి శాశ్వతంగా ఇచ్చేసినాడు. మేం దత్త మండలాలమైపోయినాం. చేనుకు కాపలా ఉంటానని వచ్చినవాడు కూలీ కింద చేనే రాయించుకున్నట్టు. కాకపోతే కాపలా కాసింది హైదరాబాదుకు, పోయిన చేను కడపది. మమ్మల్ని ఎవరూ అడగలేదు. బళ్లారినీ అడగలేదు, అనంతపురాన్నీ అడగలేదు.

మాకు కలెక్టరుగా మన్రో దొర వచ్చినాడు. ఆయన మీద మాకు పెద్ద ఫిర్యాదు లేదు, గండి క్షేత్రంలో ఆయన కంటికి బంగారు తోరణం కనబడిందని ఇప్పటికీ కథ చెప్పుకుంటాం. 80 మంది పాలెగాళ్లను అణచినాడు, పొలం పొలానికీ గొలుసు వేయించి కొలిపించినాడు. కొలిచినాక శిస్తు రైతు మోయలేడని ఆయనకే తోచి, నాలుగో వంతు తగ్గించమని 1807లో పైవాళ్లకు రాసినాడు. ఎంత దొర రాసినా అర్జీ అర్జీనే. తానే మద్రాసు గవర్నరై తిరిగొచ్చే దాకా అది అమలు కాలేదు. మా వృత్తివాళ్లకు మన్రో అంటే కొంచెం అభిమానం ఉండేది అందుకే. ఆయన గవర్నరైన 1820లోనే కడపకు వచ్చిన, తెలుగుకు నిఘంటువు కట్టిన బ్రౌను దొర సంగతి వేరే, ఆయనకు మేమే బాకీ.

సరే, మా సీమను ధారపోసి కొన్న ఆ శాశ్వత కాపలా ఎన్నాళ్లు నిలిచింది? 1947 ఆగస్టు దాకా. బ్రిటిషు ప్రభుత్వానికి నమ్మిన మిత్రుడని బిరుదు మోసిన ఆఖరి నిజాము వెనక్కి తిరిగి చూసుకుంటే కాపలావాడు ఓడెక్కిపోతున్నాడు. ఏం చేస్తాడు పాపం, 1948 ఆగస్టు 21న తమరి మండలికే అర్జీ పెట్టినాడు. సెప్టెంబరు 13న భారత సైన్యం హైదరాబాదు సంస్థానంలోకి నడిచింది. 16న పారిస్‌లో తమరు ఆ కాగితం తెరిచినారు. 17న నిజాము లొంగిపోయినాడు. 22న అర్జీ వెనక్కి తీసుకుంటున్నానని తంతి కొట్టినాడు. అయినా హైదరాబాదు ప్రశ్న అనేది తమరి జాబితాలో ఏళ్ల తరబడి అట్లే పడి ఉంది. రజాకార్ల పీడ విరగడైనందుకు మాకాడ ఎవరూ ఏడవలేదు, నా గోల అది కాదు. తిరిగి నిజాము కిందికి పోవాలని మాకు కోరికా లేదు. కాపలా ఆగిపోయినాక కూలీ లెక్క ఎవరూ చూడలేదే అని అంటున్నా, అంతే.

తమరి తీర్మానాలు కొన్ని చదివించుకుని విన్నా. చాలావాటికి చివర ఒకటే వాక్యం: ఈ విషయం మండలి పరిశీలనలోనే ఉంటుంది. ఏ ఆఫీసులోనైనా అర్జీ వెనకాల ఎర్రసిరాతో ఇదే రాసి పంపిస్తారు. న్యూయార్క్ మనుషులు మాకు పరాయివాళ్లు కాదనిపించింది.

ఇప్పటి మాటకొస్తాను. కువైట్ అనగానే తమరికి చమురు బావులు గుర్తొస్తాయి. మాకాడ ఎవరినడిగినా ఎవరో ఒక అక్కో, మామో, అల్లుడో అక్కడున్నారని చెప్తారు. రాజంపేట, రాయచోటి, ప్రొద్దుటూరు బస్టాండ్లలో అట్టపెట్టెలు చూడాలి. చుట్టూ నైలాన్ తాడు, నాలుగు పక్కలా మార్కర్‌తో పేరు, తండ్రి పేరు, ఊరు, పోస్టు, మండలం, సెల్ నెంబరు. లోపల బరువైన దుప్పటి, పాలపొడి డబ్బాలు, తలనొప్పి నూనె సీసాలు, ఇంకెవరో ఇమ్మన్న పొట్లం ఒకటి. మా ఆడవాళ్లు అక్కడ పరాయి పిల్లలను పెంచి ఇక్కడ సొంత పిల్లలను చదివించినారు. ఇంకొకటి తమరికి తెలియకపోవచ్చు: చమురు బావి తవ్వేటప్పుడు పోసే బురదకు బరువు రావాలంటే ముగ్గురాయి పొడి కలపాలి. ఆ రాయికి మా మంగంపేట గని ప్రపంచంలోనే పేరుమోసింది. తమరు ఏ బావుల కోసం కొట్టుకుంటారో ఆ బావుల్లో మా రాయి ఉంది, వాటి పక్క ఇళ్లల్లో మా మనుషులున్నారు.

1990 ఆగస్టు 2న సద్దాం హుస్సేన్ కువైట్‌లో దిగినాడు. తమరు ఆ దినమే తీర్మానం చేసినారు. నవంబరు 29న యుద్ధానికి అనుమతిచ్చిన 678వ తీర్మానానికి 12 ఓట్లు పడినాయి, క్యూబా, యెమెన్ వద్దన్నాయి, చైనా దొర తటస్థంగా కూర్చున్నాడు. ఆ లోపల లక్షా డెబ్బై వేల మంది మా దేశస్థులు బయటపడినారు. చాలామంది ఎడారి దాటి జోర్డాను రాజధాని అమ్మాన్ చేరి, అక్కడి నుంచి ఎయిరిండియా విమానాలెక్కినారు. కట్టుబట్టలతో దిగినవాళ్లకు ఆ తరువాత సమితి పరిహారం ఇచ్చింది, కువైట్ వదిలొచ్చిన మనిషికి 2,500 డాలర్ల నుంచి. కొన్ని ఫారాలు నేనే నింపినా. న్యాయంగా ఒప్పుకోవాలి, తమరి మండలి పేరు చెప్పి మా ఇళ్లకు నేరుగా డబ్బు రావడం నేను చూసింది అదొక్కసారే.

ఆ డబ్బు ఎవరిదో తరువాత తెలిసింది. ఇరాక్ అమ్మిన చమురులో 30 శాతం దాకా తీసి పక్కన పెట్టినారు. ఒకపక్క ఆంక్షలతో ఆ దేశం మందులకూ తిండికీ కటకటలాడుతుంటే ఇంకోపక్క ఈ కోత. 2022 జనవరిలో ఆఖరి వాయిదా ముట్టేసరికి 5,240 కోట్ల డాలర్లు తేలినాయి. సద్దాం 2006లోనే ఉరికంబమెక్కి పోయినాడు, బాకీ మాత్రం ఆ దేశపు జనం తీర్చినారు. కడప రైతు ఇది వింటే, 1800లో మా తాతల కథే కదా అంటాడు.

2003లో ఇంకో ముచ్చట. ఇరాక్ ఆఫ్రికాలో యురేనియం కొనబోయిందని అమెరికా అధ్యక్షుడు చట్టసభలో చెప్పినాడు, బ్రిటన్ దొర సాక్ష్యం పలికినాడు. యుద్ధం చేసి ఆ దేశమంతా తవ్వి చూసినా మారణాయుధాలు దొరకలేదు. యురేనియం అంత ఇష్టమైతే మమ్మల్ని అడగాల్సింది. పులివెందుల పక్కన తుమ్మలపల్లెలో మస్తుగా ఉంది. దాని వెనకా తమరే ఉన్నారు. 1974లో మా దేశం పోఖ్రాన్‌లో పరీక్ష చేయగానే చైనా దొర తప్ప తమరంతా గుంపు కట్టి అణు ఇంధనం అమ్మకూడదన్నారు. బయట దొరకలేదు కాబట్టి దొరికినచోటల్లా తవ్వాల్సొచ్చింది. 2008 సెప్టెంబరులో తమరు కనికరించి మినహాయింపు ఇచ్చేసరికే తుమ్మలపల్లెకు శంకుస్థాపన జరిగిపోయింది. ఇప్పుడు ఆ గని పక్క కొట్టాల రైతులు బోరు నీళ్లు పాడైనాయి, అరటితోటలు దెబ్బతిన్నాయి అంటారు. గని సంస్థవాళ్లు మా వల్ల కాదంటారు. ఎవరిది నిజమో తేల్చే చదువు నాకు లేదు. వియన్నాలో కూర్చుని ఆ మినహాయింపు ఇచ్చినవాళ్లలో కొట్టాల పేరు విన్నవాడు ఒక్కడుంటే నా పెన్ను పారేస్తా.

రష్యా దొర వారిని వదిలేసినానని అనుకోవద్దు. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ మీదికి సేనను తోలినప్పుడు మండలికి అధ్యక్షులు తమరే. 25న వచ్చిన తీర్మానాన్ని వీటో చేసిందీ తమరే. ముద్దాయే జడ్జి కుర్చీలో కూర్చుని కేసు కొట్టేసే సీను మా సినిమాల్లో పెడితే, ఇట్లా ఎక్కడైనా జరుగుతుందా అని జనం ఈలలేస్తారు. మా ఫ్యాక్షన్ గురించి మాత్రం ఊరూరా సినిమాలు తీస్తారు.

మా ఢిల్లీ కూడా కుర్చీకి అర్జీ పెట్టుకుని ఉందని తెలుసు. దానికీ దీనికీ సంబంధం లేదు. చేతిలో బలముందనుకున్నప్పుడు ఢిల్లీ కూడా 1987లో శ్రీలంకకు శాంతిసేనను పంపింది. వెయ్యి మందికి పైగా జవాన్లను పోగొట్టుకుని 1990లో తిరిగొచ్చింది. బలమనేది ఎవరి ఇంటికొచ్చినా ఇదే తెగులు.

కుర్చీ ఇవ్వడం కుదరదంటే పట్టు పట్టను. వీటో అసలే వద్దు, ఐదుగురి చేతిలో దాని వాడకం చూసినాక ఆశ చచ్చింది. బదులుగా ఒక చిన్న పద్ధతి పెట్టండి. ఇకమీదట తమరు ఎవరినైనా కాపాడదలిస్తే, ఖర్చు ఏ ఊరి మీద పడబోతుందో ఆ ఊరి పంచాయతీ బోర్డుకు నోటీసు అంటించండి: ఎన్ని పటాలాలు, ఎన్నేళ్లు, ఎవరి భూమి, ఎవరి నీళ్లు, ఎవరి కూలీ. అభ్యంతరాలకు పదిహేను రోజులు గడువివ్వండి. దండోరా వేయించి గ్రామసభ పెట్టండి. రోడ్డు వెడల్పు చేయాలన్నా మాకాడ ఈ మాత్రం చేస్తారు. 1800లో ఆ నోటీసు వల్లూరు చావిడి గోడకు అంటించుంటే మావాళ్లు ఏమని ఉండేవాళ్లో ఊహించడం కష్టం కాదు, మర్యాదకు రాయడం లేదు.

జవాబు ఏ భాషలో రాయాలా అని తమరు ఇబ్బంది పడనక్కరలేదు. సమితికి ఆరు అధికార భాషలున్నాయట, తెలుగు లేదు. అరబ్బీ ఉంది కదా, అందులో ఫోన్ చేసి చెప్పండి చాలు. పదిహేనేళ్లు కువైట్‌లో వంట చేసి వచ్చిన మా పక్కింటి వదిన తర్జుమా చేస్తుంది. గదమాయించి మాట్లాడితే అదే భాషలో తిరిగి సమాధానం కూడా చెప్తుంది.

ఇట్లు,
తమ విధేయుడు,
వల్లూరు అర్జీలాయన