ఇంటిపేరు విల్లీస్

మా ఊరు మాక్లూర్‌లో నన్ను అందరూ విల్లీస్ జీపనే అంటారు. నేను పుట్టింది బొంబాయిలో, నన్ను బిగించింది మహీంద్రా వాళ్లు. అయినా ఆ పేరు నన్ను వదల్లేదు. అమెరికాలో విల్లీస్ అనే కంపెనీ పేరు చెరిగిపోయి అరవై ఏళ్లు దాటింది. మూతబడ్డ కంపెనీ ఇంటిపేరు పెట్టుకుని, మూతబడ్డ చక్కెర ఫ్యాక్టరీ సంగతులు చెప్పుకుంటూ, నేను మాత్రం ఇంకా పసుపు బస్తాలు మోస్తున్నాను. ఆత్మకథ చెప్పుకునే మొదటి జీపును కూడా నేను కాను. 1943లోనే అమెరికా ప్రభుత్వం జీపు ఆత్మకథ అంటూ ఒక చిన్న సినిమా తీయించింది. అందులో చెరకు తోటలు లేవు, అంతే తేడా.

ముందు వంశం సంగతి. 1903లో ఇండియానా రాష్ట్రంలోని టెర్రె హోట్‌లో, చక్రాలు చేసే ఒక కంపెనీలో పనిచేసే క్లాడ్ కాక్స్ అనే యువ ఇంజనీరు ఓవర్‌ల్యాండ్ అనే చిన్న కారు తయారుచేశాడు. న్యూయార్క్ రాష్ట్రం ఎల్మైరాలో కార్లు అమ్ముకునే జాన్ నార్త్ విల్లీస్ దాన్ని మెచ్చి, 500 కార్లకు ఆర్డరిచ్చి బయానా కట్టాడు. 1907 చివర్లో అక్కడ బ్యాంకులు తలకిందులయ్యాయి. కార్లు రావడం ఆగింది. విల్లీస్ అప్పటికి కంపెనీ ఉన్న ఇండియానాపొలిస్ వెళ్లి చూస్తే, పనివాళ్లకిచ్చిన జీతాల చెక్కులు చెల్లడానికి ఖాతాలో 350 డాలర్లు తక్కువ! తాను దిగిన హోటల్లోనే ఆ నగదు పోగుచేయించి పరువు కాపాడాడని మా వంశంలో చెప్పుకునే మొదటి కథ. కార్లు ఏమయ్యాయని అడగడానికి వెళ్లినవాడు కంపెనీనే తీసుకున్నాడు. చోటు చాలక సర్కస్ డేరా వేసి, దాని కింద కార్లు బిగించారు. 1909లో ఒహైయో రాష్ట్రం టొలీడోలో పెద్ద ఫ్యాక్టరీ దొరికింది, 1912లో విల్లీస్-ఓవర్‌ల్యాండ్ అన్న పేరు స్థిరపడింది. ఆ ఏడాది నుంచి 1918 దాకా అమెరికాలో ఫోర్డు తర్వాత స్థానం మా వాళ్లదే.

చప్పుడు లేని ఇంజనుతో విల్లీస్-నైట్, 1926 నుంచి చౌకగా విప్పెట్... వాటిలో ఒక్కదాన్నీ నేను చూడలేదు, గొప్పలు చెప్పను. క్రైస్లర్ సంగతి మాత్రం చెప్పకుండా ఉండలేను. అప్పులు మెడదాకా వచ్చినప్పుడు బ్యాంకుల వాళ్లు ఏడాదికి పది లక్షల డాలర్ల జీతమిచ్చి వాల్టర్ క్రైస్లర్‌ను పెత్తనానికి తెచ్చారు. మా పెద్దాయన విల్లీస్‌కూ ఆయనకూ పొసగలేదు. ఆయన బయటికెళ్లి తన పేరుతోనే కంపెనీ పెట్టుకున్నాడు. చేతులు మారి మారి 1987లో జీపు చేరింది ఆ క్రైస్లర్ కంపెనీ గూటికే! అప్పటికి ఇద్దరూ లేరు. ఉంటే ఎవరు నవ్వేవారో నేను చెప్పలేను.

1933లో కంపెనీ దివాలా తీసింది, 1935లో పెద్దాయన పోయాడు. మా జీపుల కథ ఆ తర్వాతిది. అందులో ఇంటి గుట్టు ఒకటుంది. 1940 జూలైలో అమెరికా సైన్యం 135 కంపెనీలకు కబురు పెట్టింది, 49 రోజుల్లో నమూనా బండి కావాలని. పెన్సిల్వేనియాలో బాంటం అనే బుల్లి కంపెనీ కార్ల్ ప్రాబ్స్ట్ గీసిన నక్షాతో గడువుకు బండి నిలబెట్టింది. సైన్యం ఆ నక్షాలను విల్లీస్‌కూ ఫోర్డుకూ చూపించింది. మా వాళ్ల సొంత బలం ఇంజను. బార్నీ రూస్ అనే ఇంజనీరు 48 గుర్రాల శక్తి ఉన్న పాత ఇంజనును 60కి తెచ్చాడు. బరువు 2,160 పౌండ్లు దాటకూడదంటే బోల్టుల పొడుగు కూడా తగ్గించాడట. యుద్ధం ముగిసేసరికి విల్లీస్ సుమారు 3.6 లక్షల జీపులు, ఫోర్డు సుమారు 2.8 లక్షలు చేశాయి. బాంటంకు ట్రైలర్ల ఆర్డర్లు మిగిలాయి. జీపును సృష్టించింది మేమేనని విల్లీస్ ప్రకటనలు వేసుకుంటే, అది చెల్లదని 1948లో అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ తేల్చింది. అయినా 1950లో జీప్ అన్న పేరు విల్లీస్‌కే రిజిస్టరైంది. కన్న దేవకి బాంటం, పెంచిన యశోద విల్లీస్. నేను ఇంటిపేరు చెప్పుకునేటప్పుడు ఎప్పుడూ కొంచెం సర్దుకుంటాను.

1953లో కైజర్ కంపెనీ విల్లీస్‌ను కొనేసింది. 1963లో పేరు కైజర్ జీప్‌గా మార్చారు. నా మోడల్ సీజే-3బీ ఆ 1953లోనే వచ్చింది. కొత్త ఇంజను పాతదానికన్నా ఎత్తు, అందుకే బానెట్ పైకి లేపారు. నన్ను దూరం నుంచే గుర్తుపట్టేది ఆ ఎత్తు బానెట్‌తోనే. టొలీడోలో ఈ మోడల్ 1968లో ఆగింది, ఇక్కడ ఆ తర్వాత కూడా చాలాకాలం తయారైంది. యుద్ధకాలంలో అమెరికాలో ఇండియా సప్లై మిషన్ బాధ్యత చూసిన కె.సి. మహీంద్రా అక్కడ బార్నీ రూస్‌ను కలవడంతో జీపు ఇక్కడికి వచ్చే దారి పడింది. ఆయన, అన్న జె.సి. మహీంద్రా, మాలిక్ గులాం మహమ్మద్ కలిసి 1945లో మహీంద్రా అండ్ మహమ్మద్ పెట్టారు. దేశ విభజన తర్వాత గులాం మహమ్మద్ పాకిస్తాన్‌కు తొలి ఆర్థిక మంత్రి అయ్యారు, ఇక్కడి కంపెనీ 1948లో మహీంద్రా అండ్ మహీంద్రా అయింది. అమెరికా అలవాటు నాలో ఒకటి మిగిలింది. స్టీరింగు ఎడమవైపు. వెనకవాళ్లకు తెలియాలని నా వీపు మీద పెద్ద అక్షరాలతో లెఫ్ట్ హ్యాండ్ డ్రైవ్ అని రాయించారు.

నా పడుచు వయసంతా బోధన్ చెరకు తోటల్లో గడిచింది. మంజీర మీద 1931లో నిజాంసాగర్ పూర్తయి కాలువ పారింది, 1937లో ఏడో నిజాం హయాంలో నిజాం షుగర్స్ మొదలైంది. ఫ్యాక్టరీ చుట్టూ వెలసిన పేటకు శక్కర్‌నగర్ అన్న పేరే వచ్చింది. ఆసియాలోకెల్లా పెద్దదని ఫ్యాక్టరీకి పేరు. గానుగ సీజన్ వచ్చిందంటే చెరకు ఆఫీసరును, ఫీల్డ్‌మన్‌ను ఎక్కించుకుని తోట తోటకూ తిరిగేవాణ్ని. గడ నుంచి రసం చుక్క తీసి తీపి కొలిచే బ్రిక్స్ మీటరులో చూసి, పక్వానికొచ్చిన తోటకు ముందు కటింగ్ ఆర్డరు రాసేవారు. నరికిన చెరకు ఎండేకొద్దీ తూకమూ తగ్గుతుంది, తీపీ తగ్గుతుంది. కాబట్టి ఎవరి తోట ముందన్నది రైతుకు ప్రాణసంకటం. నన్ను చూస్తే పిల్లలకు సంబరం, పెద్దలకు గుబులు. వానొస్తే ఆ నల్లరేగడిలో ట్రాక్టర్లే దిగబడేవి. రెండో రాడ్డు లాగి నాలుగు చక్రాలకూ ఊపిరి పోస్తే నేను బయటపడేవాణ్ని. ఈ ఒక్క విషయంలో గొప్ప చెప్పుకునే హక్కు నాకుంది.

2002లో ఆ ఫ్యాక్టరీలో 51 శాతం వాటా ప్రైవేటు చేతికి వెళ్లింది. 2015 డిసెంబరులో లేఆఫ్ ప్రకటించి గేట్లు మూశారు. టొలీడోలో పాత ఫ్యాక్టరీని కూల్చి, ఇటుకలతో ఓవర్‌ల్యాండ్ అని పేర్చిన పొగగొట్టం ఒక్కటి ఉంచారు. ఫోర్డు తర్వాత స్థానం ఒకరిది, ఆసియాలో పెద్దపీట ఇంకొకరిది. రెండు చోట్లా జీతాలతో బతికిన ఊళ్లు దిక్కులు చూశాయి. ఇక్కడ కొందరు పసుపు, మక్క వేశారు, కొందరు గల్ఫ్ దారి పట్టారు.

నేను అంతకు చాలా ముందే చేతులు మారి మాక్లూర్ చేరాను. నన్ను కొన్న పటేలు పెట్రోలు ఖర్చు తట్టుకోలేకపోతుంటే మెకానిక్కు అన్నాడు: "పటేలా, మాటడోర్ ఇంజన్ ఎక్కిద్దాం, డీజిల్ మీద నడుస్తది." ఎక్కించారు. ఎన్నికలప్పుడు మైకు కట్టారు, పెళ్లిళ్లప్పుడు పందిరి గుంజలు మోయించారు, మామూలు రోజుల్లో ఆర్మూర్ రోడ్డు మీద లెక్కకు మించి జనాన్ని ఎక్కించారు.

మా వాళ్లలో ఒకడు మళ్లీ అమెరికా గడప తొక్కాడు. 2018లో మహీంద్రా వాళ్లు మిషిగన్‌లో రోక్సర్ అనే పొలం బండి మొదలుపెట్టారు. అది జీపు పోలికేనని ఫియట్ క్రైస్లర్ ఫిర్యాదు చేస్తే, 2020లో అక్కడి ఇంటర్నేషనల్ ట్రేడ్ కమిషన్ నిజమేనంది. రోక్సర్ ముఖం మార్చుకోవాల్సి వచ్చింది. తాత పోలిక మనవడికి రావడం నేరమైన చోటు అదొక్కటే కావచ్చు.

మొన్న హైదరాబాద్ నుంచి పాత జీపులు కొనే అబ్బాయి ఒకడు వచ్చాడు. బానెట్ ఎత్తి చూసి పెదవి విరిచాడు.

"ఒరిజినల్ విల్లీస్ ఇంజన్ ఏదంకుల్?"

"అది ఎప్పుడో పాతసామాన్లోనికి అమ్మిన బిడ్డా. బండి మాత్రం ఒక్క సెల్ఫ్‌కే స్టార్ట్ అయితది, సూడు."

నేను స్టార్టయ్యాను. వాడు కాసేపు తటపటాయించి, ఒరిజినల్ ఇంజను తానే ఎక్కడైనా వెతికి ఎక్కించుకుంటానని, ధర చెప్పమని అడిగాడు.

"ఇప్పుడే కాదు. పసుపు మార్కెట్‌కు పోవాలె, ట్రాలీ దీనికే తగిలిస్త. ఎండకాలంల రా, మాట్లాడుకుందాం."