రెండున్నర సూత్

సూరత్ సలాబత్‌పురాలో కారుకు చక్రాలకన్నా బంపరు ముఖ్యం. చక్రాలు ఎలాగూ తిరగవు. చీరల పార్సిళ్ల టెంపోలు, బట్టల తాకాలు పేర్చిన తోపుడు బళ్లు, వాటి సందుల్లోంచి నెత్తిన మూటతో పరుగెత్తే హమాలీలు. వీటి మధ్య కారనేది ఓ పక్కన నిలబడి దెబ్బలు తినే వస్తువు. అలాంటి వీధిలో నేను రెండు సీట్ల, టాపు లేని స్పోర్ట్స్ కారు కొన్నాను.

స్పోర్ట్స్ కారు అనడం నా ముచ్చట కొద్దీ. 1950ల నాటి ఎంజీ టీడీని చూసి మనసు పారేసుకున్నవాడెవడో ఫైబర్‌గ్లాస్‌తో పోసిన ఒళ్లు. ఇంజను మాత్రం దేశవాళీ. ముఖం దొరది, దగ్గు మనది. మా నాన్న సిరిసిల్ల నుంచి వచ్చి పవర్‌లూమ్‌ల ముందు నలభై ఏళ్లు నిలబడ్డాడు. నేను ఇందులో కూర్చోవడానికే ఆయన అంతకాలం నిలబడ్డాడని అమ్మ అంటుంది.

ఓ సాయంత్రం ఒక టెంపో వెనక్కి వస్తోంది. క్లీనరు కుర్రాడు దాని వెనక చెయ్యి ఊపుతూ "ఆవ్వా దో, ఆవ్వా దో" అంటున్నాడు. అంటే రానీ, రానీ అని. టెంపో వచ్చింది. దానితోపాటు నా వెనక బంపరూ ఒక పక్క ఊడి వచ్చింది.

కిందికి దూరి చూస్తే అసలు సంగతి తెలిసింది. బంపరు చేతులు రెండూ ఛాసిస్‌కు కాదు, నేరుగా ఫైబర్‌గ్లాస్‌కే బిగించి ఉన్నాయి. బోల్టు కింద చిల్లర నాణెమంత వాషరు. బరువంతా ఆ ఒక్క చోటే పడితే ఫైబర్‌గ్లాస్ ఏం ఆగుతుంది? గుండ్రటి బెజ్జం చింతగింజలా సాగింది, చుట్టూ సాలెగూడులా పగుళ్లు.

బంపరు గొడవ ఎంజీ వంశంలో పాతదే. 1950 ప్రాంతంలో టీడీ బంపర్లతో బయటికొస్తే, స్పోర్ట్స్ కారుకు ఈ ఇనప మీసాలేమిటని బ్రిటన్‌లోని పాతకాపులు ముక్కు విరిచారు. 1974లో అమెరికా రూళ్ల కోసం ఎంజీబీకి నల్ల రబ్బరు బంపర్లు తగిలించి, ఎత్తు చాలదని బండినే కాస్త పైకి లేపారు. వాటిని పీకి మళ్లీ క్రోము బంపర్లు పెట్టించుకోవడానికి అక్కడివాళ్లు ఇప్పటికీ డబ్బు పోస్తున్నారు. వాళ్ల వీధుల్లో ఆవ్వా దో లేదు, ఏం చేసినా చెల్లుతుంది.

"లావుపాటి పైపు గార్డు వేయించెయ్" అన్నాడు పక్క దుకాణం కాకా. మా మేనల్లుడు వెంటనే ఫోను తీశాడు. అలాంటి క్రాష్ గార్డులు మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌కు విరుద్ధమని 2017 డిసెంబరులోనే కేంద్రం రాష్ట్రాలకు రాసిందట. కాకా చట్టాన్ని తిట్టుకుంటూ లోపలికి వెళ్లిపోయాడు.

నాలుగు బోల్టులే కదా, నేనే మార్చేద్దామనుకున్నాను. ఛాసిస్ గొట్టం మీద ఎప్పటివో రెండు ఎం8 నట్లు వెల్డు చేసి ఉన్నాయి. నాన్న మగ్గాల సామాన్ల డబ్బాలోంచి సరిపోయేలా కనిపించిన బోల్టు తీశాను. అది రెండున్నర సూత్‌ది. ఇక్కడి ఫిట్టర్ల లెక్కలో అంగుళానికి ఎనిమిది సూత్‌లు. సూత్ అంటే నూలు కూడా. సూరత్ అంతా పాలిస్టరే కాబట్టి నూలు ఆ బోల్టుల లెక్కలోనే మిగిలింది. రెండున్నర సూత్ అంటే 7.94 మిల్లీమీటర్లు. ఎనిమిదికి వెంట్రుకవాసి తక్కువ.

రెండు చుట్లు ముద్దుగా తిరిగింది. మూడో చుట్టుకు బిగుసుకుంది. నూనె పోశాను. స్పానరుకు పైపు తొడిగి లాగాను. టక్కుమంది. బోల్టు బిగిసిందని సంతోషించాను. ఊడింది నట్టు వెల్డింగు.

నాన్నతో పనిచేసిన ముసలి ఫిట్టరు మామ వచ్చి, వంగి చూసి, చాలాసేపు నవ్వాడు.

"పెండ్లిచూపులల్ల అందరూ మంచిగనే కనవడ్తరు అల్లుడా. మూడో దినం తెలుస్తది."

తెలిసింది. మాంచెస్టర్ ఇంజనీరు జోసెఫ్ విట్‌వర్త్ 1841లో బోల్టు మరలకు ఓ లెక్క కట్టాడు. ఆ లెక్కన నా బోల్టుకు అంగుళానికి 18 చుట్లు, చుట్టుకూ చుట్టుకూ 1.41 మిల్లీమీటర్లు. ఎం8 నట్టుకు 1.25. మర పంటి కోణం అక్కడ 55 డిగ్రీలు, ఇక్కడ 60. బట్టల మిల్లుల ఊరివాడి మర మగ్గాల వెంటబడి మా నాన్న డబ్బాలోకి వచ్చిందన్నమాట.

"ఇది బంపరు గాదురా, గోడకు కొట్టిన క్యాలెండరు" అంటూ మామ మిగిలినదంతా పీకేశాడు. అయిదు మిల్లీమీటర్ల పట్టీ కోయించి, ఎల్ ఆకారంలో వంచి, ఛాసిస్‌ను పట్టుకునేలా బ్రాకెట్లు చేయించాడు. బెజ్జాలు కోలగా తీయించాడు, బంపరు ఎత్తూ వంకరా సర్దుకోవచ్చని. పాత మగ్గంలో నాడె దెబ్బకు అడ్డుండే బఫరు రబ్బరును బిళ్లలుగా కోసి మధ్యన ఇనప గొట్టం ముక్క దూర్చాడు. నట్టు ఎంత బిగించినా భారం గొట్టం మీదే పడుతుంది, రబ్బరు నలగదు. బంపరు చేతులు ఒంట్లోంచి బయటికొచ్చే చోట వేలు దూరేంత సందు వదిలాడు. బోల్టులన్నీ ఎం10, తల మీద 8.8 అని అచ్చు. అవి సడలకుండా నైలాక్ నట్లు.

"నాడె నిమిషానికి వందసార్లు గుద్దినా ఆగిన రబ్బరు. నీ టెంపో ఎంత?" అన్నాడు.

టెంపో మళ్లీ రాలేదు. మర్నాడు పొద్దున ఓ హమాలీ నా బంపరు మీద మూట ఆనించి ఊపిరి తీసుకున్నాడు. మధ్యాహ్నానికి దాని మీద ఇద్దరు కూర్చుని టీ తాగుతున్నారు. బంపరు సూతంతైనా వంగలేదు. మామ దూరం నుంచి చూసి మీసం దువ్వుకున్నాడు.

సాయంత్రం మా ఆవిడ గుమ్మంలోంచి తొంగిచూసింది. అప్పటికి ముగ్గురయ్యారు.

"ఏమయ్యా, పది దినాలు కష్టపడి వాడకట్టుకు బెంచీ చేయించినవా?"

మూడోవాడు మర్యాదగా పక్కకు జరిగి నాకూ చోటిచ్చాడు.