ఎంక్వైరీ బాబాయి

శ్రీకాకుళం రోడ్డు స్టేషన్లో దిగినవాడికి శ్రీకాకుళం కనపడదు. కనపడేది ఆమదాలవలస. అసలు ఊరికి ఆటోయో బస్సో పట్టుకుని ఇంకో పది పన్నెండు కిలోమీటర్లు పోవాలి. రైలు ఊరిదాకా రాలేదు కాబట్టి పేరు చివర 'రోడ్డు' అని తగిలించి, మిగతాది మీరే చూసుకోండి అన్నట్టు వదిలేశారు. ఈ స్టేషన్ కోడ్ సి.హెచ్.ఇ. తెల్లదొరలకి నోరు తిరక్క ఊరిని చికాకోల్ అన్నప్పటి మిగులది. ఫోన్లో కొత్తగా టికెట్ కొనేవాడు దాన్ని చూసి చెన్నై అనుకుంటే వాడిది తప్పని అనలేం.

ఇవన్నీ నేను పుస్తకాల్లో చదివి తెలుసుకున్నవి కావు. బండి కోసం కూర్చున్న నాలుగైదు సాయంత్రాల్లో, నేను అడక్కుండానే ఎంక్వైరీ బాబాయి చెప్పాడు.

మా వైపు ప్రతి స్టేషన్‌కీ ఇలాంటి మనిషి ఒకడుంటాడు. పొందూరులో ఉన్నాడు, చీపురుపల్లిలో ఉన్నాడు. విజయనగరం జంక్షన్ కాబట్టి అక్కడ ఇద్దరు కావాల్సొచ్చారు. హౌరా లైనుకి ఒకరు, బొబ్బిలి, పార్వతీపురం మీదుగా రాయ్‌పూర్ పోయే లైనుకి ఒకరు. ఒకరి లైన్లో ఒకరు వేలు పెట్టరు. నౌపడాలో గుణుపూర్ లైను సంగతులు చూసుకునేవాడు వేరే.

మా బాబాయి రైల్వేలో పనిచేసిన మనిషి అనుకునేరు. కాదు. బియ్యం మిల్లులో గుమస్తాగా చేసి మానుకున్నాడు. రైల్వేలో పనిచేసినవాళ్లు ఇన్ని మాటలు చెప్పరు, ముందు మనకేసి చూడరు. పొందూరు ఖద్దరు చొక్కా, జేబులో నాలుగు మడతలు పెట్టిన టైంటేబుల్ కాగితం. దాని మడతలు చిరిగిపోతే లోపలివైపు ప్లాస్టరు అంటించాడు, గాయానికి అంటించుకునే ప్లాస్టరే. వాచీ డయలు మణికట్టు లోపలివైపుకి తిప్పి పెట్టుకుంటాడు. టైం చూడాలంటే అరచెయ్యి పైకెత్తాలి. అలా ఎత్తినప్పుడల్లా ఎవరికో అభయమిస్తున్నట్టుంటుంది. ఒకటో నంబరు ప్లాట్‌ఫాం మీద, ఏ ఫ్యాను తిరుగుతుందో దాని కింది బెంచీ ఆయనది. ఎవరైనా కూర్చుని ఉంటే లెమ్మనడు. పక్కన నిలబడి వాళ్ల బండి ఎంత లేటో చెప్తాడు. వాళ్లే లేచి టీకి వెళ్తారు.

మైకులో ఆవిడ మూడు భాషల్లో చెప్పి, కలిగిన అసౌకర్యానికి చింతిస్తుంది. బాబాయి చింతించడు. ఆవిడ ఆపినచోట మొదలుపెడతాడు.

"నలభై ఐదు నిమిషాలంతాది. నమ్మీకండి. బరంపురం దాటినాదా లేదా, అదీ ఇసయం."

అక్కణ్ణుంచి వస్తాడు. ఇచ్ఛాపురం, సోంపేట, మందస రోడ్డు, పలాస, నౌపడా, కోటబొమ్మాళి, తిలారు, ఉర్లాం. పురోహితుడు సంకల్పంలో ద్వీపంతో మొదలెట్టి, ఖండం దాటి, నది ఒడ్డుకొచ్చి, చివరికి మన పీట మీద దిగినట్టు వస్తాడు. పలాస దగ్గర మాత్రం కాసేపు ఆగుతాడు. బండి అక్కడ ఆగుతుంది కాబట్టి ఆయనా ఆగాలి. ఆ సందులో జీడిపప్పు ధర కూడా చెప్పి కదులుతాడు.

ఆయన దగ్గర ఆలస్యానికి కొలతలున్నాయి. పదిహేను నిమిషాల లోపు లేటే కాదు, రైల్వే లెక్కలో కూడా అది టైంకి వచ్చినట్టే. గంట వరకూ 'మామూలు'. గంట దాటితే 'కాస్త లేటు'. మూడు గంటలు దాటితే గొంతు తగ్గించి, అటూ ఇటూ చూసి, "ఇసయం ఉంది" అంటాడు. ఆ విషయం ఏమిటో కథ చివర్లో తెలుస్తుంది.

ఇంకో రహస్యం కూడా ఆయనే చెప్పాడు. గంట లేటుగా మన దగ్గర బయల్దేరిన బండి విశాఖపట్నంలో ఇరవై నిమిషాలే లేటని తేలుతుంది. డ్రైవరు తోలేశాడని జనం మెచ్చుకుంటారు. "తోలీడం కాదు బాబూ. టైంటేబుల్లో పెద్ద టేసను ముందు కొంచెం ఎక్కువ టైం రాస్తారు. కూరగాయలమ్మి కొసరేస్తాదే, అలాగ. ఆ కొసరుతో లేటు కప్పీసుకుంటారు." మర్నాటి నుంచి నాకు ఏ టైంటేబుల్ చూసినా వంకాయలు గుర్తొస్తున్నాయి.

విశాఖ గురించి ఆయన చెప్పే రెండో ముక్క సీట్ల గురించి. అక్కడ ఇంజను ఈ కొస నుంచి తీసి ఆ కొసకి తగిలిస్తారు. బండి వచ్చిన మొహంతోనే వెనక్కి పోతుంది. విజయనగరం నుంచి ముందుకి చూస్తూ వచ్చినవాడు తుని వైపు వెనక్కి చూస్తూ పోతాడు. ఆ గొడవ ఎందుకని కొన్ని బళ్లు ఊళ్లోకే పోకుండా దువ్వాడ మీదుగా జారుకుంటాయి. "ఎదురుగాలి కావాలంటే ఏ కిటికీ?" అని అడిగితే, "ఏ ఊరి వరకూ?" అని ఎదురు ప్రశ్న వేస్తాడు. వైద్యుడు నాడి పట్టినట్టే.

మధ్యలో ఆయనకి కష్టకాలం వచ్చింది. 'వేర్ ఈజ్ మై ట్రైన్' అని ఒక యాప్. బెంగళూరు కంపెనీ చేసింది, 2018లో గూగుల్ కొనేసింది. బండిలో ఉన్నవాడి ఫోన్లో ఇంటర్నెట్ లేకపోయినా సెల్ టవర్లను బట్టి బండి ఎక్కడుందో కనిపెడుతుంది. బాబాయి "బరంపురం దాటినాదా..." అని మొదలెట్టేలోగా, చెవిలో వైర్లు పెట్టుకున్న గుంటడు తలెత్తకుండానే "కోటబొమ్మాళి దాటింది తాతా" అనేవాడు. బాబాయి అని కూడా కాదు, తాతా. ఆ నెలంతా ఆయన బెంచీ మీద టైంటేబుల్ విప్పకుండా కూర్చున్నాడు. ముంత మసాలా అమ్మేవాడు కూడా జాలిపడి ఉల్లిపాయ ముక్కలు రెండు ఎక్కువ వేశాడు.

కానీ మనిషి గట్టివాడు. ఒకరోజు యాప్‌లో చుక్క తిలారు దగ్గర ఆగిపోయింది. ఐదు నిమిషాలు, పది, పదిహేను. గుంటడు ఫోను ఆపి మళ్లీ వేశాడు. చుక్క కదల్లేదు. బాబాయి మెల్లగా అరచెయ్యెత్తి వాచీ చూసుకున్నాడు.

"ఎక్కడుందో ఫోను సెప్తాది. ఎందుకుందో ఎవుడు సెప్తాడ్రా?"

గుంటడు చెవిలోంచి ఒక వైరు తీశాడు. అంతే, బాబాయి మళ్లీ సింహాసనం ఎక్కేశాడు. సూపర్‌ఫాస్టుకి దారి ఇవ్వాలంటే ఏ బండిని లూప్ లైన్లో పెడతారు, ఖనిజం మోసుకెళ్లే గూడ్సు ముందు మన సీటూ బెర్తూ ఎంత చిన్నవి, అన్నీ చెప్పాడు. నిజమేనా అని నన్నడక్కండి. చెప్తున్నంతసేపూ ఒక్కడు కూడా విసుక్కోలేదు. కారణం తెలియని పది నిమిషాల కంటే కారణం తెలిసిన గంట తొందరగా గడుస్తుందని నాకు అక్కడే తెలిసింది. కారణం కల్పించిందైనా పనిచేస్తుంది.

అందుకే ఆయనకి విమానాశ్రయం సరిపడలేదు. కొడుకుని హైదరాబాదు ఎక్కించడానికి ఒక్కసారి విశాఖ వెళ్లాడు. టికెట్ లేనిదే తుపాకీ జవాను గుమ్మంలోకి రానివ్వలేదు. విమానం రెండు గంటలు లేటు. ఎందుకంటే 'ఆపరేషనల్ రీజన్స్' అని కొడుకు లోపల్నుంచి ఫోన్ చేసి చెప్పాడు.

"అంటే ఏటి?"

"కారణాలున్నాయని, నాన్నా."

"కారణముందని సెప్పడం కారణమవుద్దేట్రా?"

ఆ రన్‌వే నేవీ వాళ్లదనీ, పౌర విమానాలు ఐ.ఎన్.ఎస్. డేగాలో కలిసి కాపురం చేస్తున్నాయనీ కార్ల స్టాండులో ఎవరికో చెప్పబోతే వాళ్లు ట్యాక్సీ కావాలేమో అనుకున్నారట. ఇప్పుడు భోగాపురం విమానాశ్రయం మాటెత్తితే ఒక్కటే అడుగుతాడు. "బయట బెంచీలేస్తారా?" విమానయాన మంత్రి మన శ్రీకాకుళం ఎంపీయే కదా, ఒక అర్జీ పెట్టమన్నాను. రాస్తున్నాడు.

ఇక ఆ మూడు గంటల విషయం. రిజర్వేషన్ టికెట్ ఉన్న బండి మనం ఎక్కాల్సిన స్టేషన్‌కి మూడు గంటలకు పైగా లేటైతే, ప్రయాణం మానుకుని టికెట్ డబ్బులు పూర్తిగా వెనక్కి తీసుకోవచ్చు. ఈ నియమం బాబాయి వందల మందికి చెప్పాడు. తాను మాత్రం ఎప్పుడూ వాడలేదు. ఎందుకంటే ఆయన రోజూ స్టేషన్‌కి వస్తాడు గాని, ఎక్కడికీ వెళ్లడు.

మొన్న మాఘమాసంలో వెళ్లాల్సొచ్చింది. హైదరాబాదులో పిన్ని తమ్ముడి కూతురు పెళ్లి. బండి పేరు చెప్పను. చెప్తే 'మన బండిని పట్టుకుని ఏటది' అని బాబాయికి కోపమొస్తుంది. పిన్ని రెండు సూట్‌కేసులు, ఒక వైరు బుట్ట, మందస కోవా డబ్బా పెట్టుకుని ఫ్యాను కింద కూర్చుంది. అదే బండికి నాకూ టికెట్ ఉంది.

మొదట గంటన్నర లేటన్నారు. బాబాయి మామూలుగా ఉన్నాడు. తరవాత రెండుంబావు అన్నారు. చొక్కా సర్దుకున్నాడు. బోర్డు మీద రెండు గంటల నలభై నిమిషాలు పడేసరికి మొహంలో ఒక కళ వచ్చింది. టికెట్ తీసి చూసుకున్నాడు. కౌంటర్ దగ్గరికెళ్లి ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టుకొచ్చాడు. నలుగురే. ప్లాట్‌ఫాం మీద పదిమంది ఆయన చుట్టూ చేరారు. ఎవరికి ఎంతొస్తుందో లెక్క చెప్పాడు. ఎవరూ వెళ్లడం మానుకునేవాళ్లు కారు, అయినా వింటున్నారు.

రెండు గంటల యాభై. అరచెయ్యి దించడం లేదు.

రెండు గంటల యాభై నాలుగు. ఉర్లాం వైపు చీకట్లో దీపం కనపడింది.

అందరూ సామాన్లు ఎత్తుకున్నారు. బాబాయి కదల్లేదు. వాచీ చూశాడు, దీపం చూశాడు, మళ్లీ వాచీ చూశాడు.

"ఆరు నిమిషాలు! ఔటర్లో ఒక్క ఆరు నిమిషాలు ఆపీస్తే ఈల సొమ్మేటి పోయినాది?"

పిన్ని వైరు బుట్ట తెచ్చి ఆయన చేతికి తగిలించింది.

"ఆపీస్తే ఏటవును?"

"డబ్బులు పూర్తిగా ఎనక్కి ఇచ్చీవోళ్లు."

"పెళ్లి?"

బాబాయి ఆ ప్రశ్నకి జవాబు వెతుకుతుండగా ఇంజను మమ్మల్ని దాటిపోయింది. మా బోగీ ఎక్కడాగుతుందో అప్పటికే లెక్కగట్టి మమ్మల్ని నిలబెట్టిన చోటికి అది సరిగ్గా ఆరు బోగీల దూరంలో ఆగింది. పరుగెడుతూనే బాబాయి నాకు కారణం చెప్పడం మొదలుపెట్టాడు.