నిగ్రహస్థానములు 22, నెట్‌వర్కు ఒక్కటి

న్యాయసూత్రకర్తయైన గౌతముడు వాదమున నోటమికి హేతువులగు నిగ్రహస్థానములను 22గా లెక్కించి, సభ గ్రహించినదియు ముమ్మాఱు చెప్పబడినదియు నగు మాటను మరల నుచ్చరింపక మిన్నకుండుటను ‘అననుభాషణ’మనియు, వేఱొక పని మిషగా చర్చను విడిచిపోవుటను ‘విక్షేప’మనియు పేర్కొని, రెండింటికిని పరాజయమునే విధించెను. పాపము, ఆ మహర్షికి మ్యూటుమీట తెలియదు!

2020లో కరోనా భయమున బడులు, కళాశాలలు మూతపడి తరగతులు సెల్‌ఫోనులలోనికి వలసపోయినది మొదలు, ఈ దోషములన్నియు గౌరవప్రదములైన సాంకేతికలోపములుగా పరిణమించినవి. ‘ఆన్‌లైను చదువు మేలా, కీడా’ యను తరగతిచర్చలో నేనును పాల్గొంటిని. కెమెరాను మూసికొని, గూగులును తెఱచికొని, ప్రతిపక్షము సమాధానమునకై నిలదీసినంతనే ‘నా మాట వినబడుచున్నదా?’ యని యెదురుప్రశ్న వేసి యంతర్ధానమగు విద్యయందు ఉభయపక్షములవారును సమానప్రజ్ఞ కనబఱచిరి. సిగ్నలుకై వేపచెట్టెక్కి నిజముగనే వాదించిన పల్లెటూరి మిత్రుని కంఠము ముక్కలుముక్కలుగా వినవచ్చుటచే, అతని వాదము, పూర్వాపరసంబంధము లేని మాటలకు పేరైన ‘అపార్థక’మను మఱియొక నిగ్రహస్థానమున పడిపోయెను. అధ్యక్షులైన అధ్యాపకులవారో, తమ మైకు మూసియున్నదని యెఱుగక సుదీర్ఘోపన్యాసము నొనర్చి, మా నిశ్శబ్దమును శ్రద్ధగా భావించి సంతసించిరి.

ఉచితపు జూమ్ ఖాతాలో సమావేశమునకు 40 నిమిషములే గడువగుటచేత, విజేత యెవరో ప్రకటింపబోవు వాక్యము నడుమనే సభ తనంత తాను ముగిసిపోగా, ఇరుపక్షములవారును తామే గెలిచితిమని వాట్సాప్ బృందమున చాటుకొని, బొటనవ్రేళ్ల బొమ్మలతో పరస్పరము నభినందించుకొనిరి. వాదపటిమకు మార్కులు వేయుట కెవరికిని వీలుపడలేదు గాని, హాజరు మాత్రము నూటికి నూఱు నమోదైనది. ఫోనులన్నియు వచ్చియుండెను గదా!