పట్టాలు లేని అరవై నాలుగేళ్లు

నేను కాకినాడ–కోటిపల్లి రైలుకట్టను. 1928లో నా మీద పట్టాలు పరిచారు. కాకినాడ నుంచి రామచంద్రపురం, ద్రాక్షారామం మీదుగా గౌతమి ఒడ్డు దాకా 45 కిలోమీటర్లు. కోనసీమ వెళ్లేవాళ్లు కోటిపల్లిలో దిగి రేవు దాటేవాళ్లు.

ఫ్రెంచివాళ్ల ఏలుబడిలో పుదుచ్చేరికి 1879లో, కారైకాల్‌కు 1898లో రైలొచ్చింది. యానాంకు రాలేదు. యానాంలోని కనకాలపేట మనిషి రైలెక్కాలంటే సరిహద్దు దాటి ఇంగ్లీషువాళ్ల సీమలోకి రావలసిందే. అందుకే ఆ ఊరంటే నాకు మొదటినుంచీ మమకారం.

1940లో నా పట్టాలు ఊడదీశారు. యుద్ధానికి ఇనుము కావాలన్నారు. పన్నెండేళ్లకే ముత్తయిదువ మెడలో తాళి తెంపినట్టయింది. మట్టినై మిగిలాను. నా మీద తుమ్మలు మొలిచాయి, గొడ్లు మేశాయి, చేలకు పోయేవాళ్లకు దారినయ్యాను. దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది. 1954లో యానాంలో ఫ్రెంచి జెండా దిగింది. నాకు మాత్రం రైలు కూత వినపడలేదు. పుట్టిన పిల్లలు తాతలయ్యారు, ఇక్కడ ఒకప్పుడు రైలు నడిచిందంటే నమ్మనివాళ్లూ తయారయ్యారు. పట్టాలు పోయినందుకంటే అందుకే ఎక్కువ కుమిలిపోయాను.

అమలాపురం ఎంపీగా గెలిచి లోక్‌సభ స్పీకరైన జి.ఎం.సి. బాలయోగి నా కోసం పట్టుబట్టారు. 2002 మార్చి 3న హెలికాప్టర్ ప్రమాదం ఆయన్ను తీసుకుపోయింది. 2004లో నా మీద మళ్లీ రైలు కదిలిన రోజున, చూడవలసిన ఆ మనిషే లేడు. తర్వాత ఒంటిపెట్టె రైల్‌బస్సునూ మోశాను. ఇప్పుడు నన్ను నరసాపురం దాకా పొడిగించడానికి గౌతమిలో స్తంభాలు లేపారు.

నా కథ మళ్లీ మరుగున పడకూడదు. ఇంగ్లండులోని డార్లింగ్టన్‌లో, 1825లోనే ఆవిరి రైలు నడిచిన దారి మీద, 1842 నాటి నార్త్ రోడ్ స్టేషను ఉంది. దాన్ని 1975లో మ్యూజియం చేశారు. అంత భవనం నేనడగను. నా స్టేషన్లలో ఏదో ఒకదాంట్లో ఒక్క గది చాలు. పాత పట్టా ముక్క, టిక్కెట్టు, చేతిలాంతరు, బాలయోగి పటం, నా కథ రాసిన ఒక పలక అందులో ఉండాలి.

కనకాలపేట పిల్లలారా, మీ ఇంట్లో తొంభై దాటిన మామ్మో తాతో ఉంటే ఆ పాత రైలు సంగతి అడగండి. చెప్పింది చెప్పినట్టు రాసిపెట్టండి. ఆ పని ఈ ఏడే చేయండి.