సున్నాలో 20 శాతం

2020లో కేంద్రం ప్రకటించిన కరోనా సాయం ఇరవై లక్షల కోట్లు! కాగితం మీద రాసి చూశాను. రెండు పక్కన పదమూడు సున్నాలు. కర్ణాటకలోని మా ఊరు పాతపాళ్య వాటాకి ఆ రెండు రాకపోయినా సున్నాలన్నా రాకపోతాయా అని ఆశపడ్డాం. ఆశ వమ్ము కాలేదు. సున్నాలు వచ్చేశాయి.

మే 13 నుంచి ఐదు రోజులు టీవీ ముందే కూర్చున్నాం. ఆర్థిక మంత్రి నిర్మలమ్మ ఇంగ్లీషులో చెప్పారు, పక్కన సహాయ మంత్రి ఠాకూర్ గారు హిందీలో చెప్పారు. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం మాదాయె. అయినా ఒక్క ముక్క చెవిన పడింది: చిన్న వ్యాపారాలకు తాకట్టు లేని అప్పు, 3 లక్షల కోట్లు. బస్టాండు పక్కన టీ అంగడి పెట్టుకున్న కుర్రాడొకడు నాకు తమ్ముడి వరస. ఫారం చదివిపెట్టు అన్నా అంటే వాడి వెంట బ్యాంకుకు పోయాను.

"ఫిబ్రవరి 29 నాటికి బాకీ ఎంతుంది?" అన్నాడు మేనేజరు.

"ఒక్క పైసా లేదు సార్." మావాడు నిటారుగా నిలబడి, ఫస్టు క్లాసు వచ్చిన పిల్లాడిలా చెప్పాడు.

మేనేజరు మొహంలో జాలి కనబడింది. "అప్పు లేకపోతే అప్పు రాదప్పా. ఉన్న బాకీలో 20 శాతమే ఇస్తారు."

సున్నాలో 20 శాతం ఎంతో మావాడికి బడిలోనే చెప్పారు. బయటికొచ్చాం. మెట్లు దిగుతుండగా ఏదో గుర్తొచ్చి మళ్లీ లోపలికి పరుగెత్తాడు. "ఉంది సార్, అప్పుంది! మా ఆడామె నగలు కుదువ పెట్టినాము. సంఘంలో వారం కంతు ఉంది. చీటీ పాడినాను. పాలాయనకి రెండు నెలల బాకీ!" అప్పుల చిట్టా ఇంత సంబరంగా విప్పిన మనిషిని నేనెక్కడా చూడలేదు. మేనేజరు తల అడ్డంగా ఊపాడు. నగల అప్పు సొంత అప్పు, అంగడి పేరు మీద లేదు. చీటీ లెక్కకు రాదు. పాలాయన బ్యాంకు కాడు.

ఈ లెక్క నన్ను నిద్రపోనివ్వలేదు. 25 కోట్ల బాకీ ఉన్న పెద్దమనిషికి ఇంకో 5 కోట్లు, అదీ సర్కారు పూచీకత్తు మీద. ఎవరికీ చెయ్యి చాపకుండా, పొద్దున నాలుగింటికి లేచి పొయ్యి రాజేసుకుని బతికినవాడికి గుండుసున్నా. ముద్రా అప్పుల వడ్డీలో 2 శాతం తగ్గింపు అన్నారు, అదీ ఇప్పటికే శిశు లోను తీసుకున్నవాళ్లకే. 50 వేల మీద ఏడాదికి వెయ్యి రూపాయలు. ఈ దేశంలో సాయం కావాలంటే ముందు బాకీ పడాలి. అందునా వ్యాపారం పేరు మీద, బ్యాంకుకే, ఫిబ్రవరి 29కి ముందే పడాలి. చైనాలో దగ్గు మొదలైందని వినగానే మావాడు అప్పు చెయ్యకపోవడం వాడి ముందుచూపు లేనితనమే.

నవ్వింది చాలు. మార్చి 25న లాక్‌డౌన్ అని ఆ అంగడి మూయించింది ఎవరు? మావాడు దివాలా తీసి మూసుకోలేదు, మూసెయ్యమంటే మూశాడు. రెండు నెలలకు పైగా బాయిలర్ చల్లబడి ఉండిపోయింది, దాని అడుగున బూజు పట్టింది. బాడుగ మాత్రం ఆగలేదు. మూయించినవాడు నష్టం కట్టాలి గానీ వడ్డీకి డబ్బు ఇస్తానంటాడా? 9.25 శాతం దాటకుండా చూస్తాం అని గొప్పగా చెప్పుకున్నారు. అమ్మని టీకి వడ్డీ ఎందుకు కట్టాలయ్యా? సిగ్గుండాలి. అమెరికాలో ఇచ్చిందీ అప్పే, కానీ పనివాళ్లకు జీతాలిచ్చి నిలబెట్టుకుంటే మాఫీ. అక్కడా పెద్దోళ్లే ముందు ఎగబడ్డారు, షేక్ షాక్ అనే బర్గర్ల కంపెనీ కోటి డాలర్లు తీసుకుని, జనం తిట్టాక తిరిగిచ్చింది. మనవాళ్లకు తిట్లు కూడా తగలవు.

పాత అప్పుల కంతులు ఆరు నెలలు కట్టక్కర్లేదన్నారు. వడ్డీ మాత్రం ఆదివారం కూడా సెలవు తీసుకోలేదు.

అప్పటి మా ముఖ్యమంత్రి యెడియూరప్ప గారు మంగలివాళ్లకు 5 వేలు అన్నారు. అది అప్పు కాదు, దణ్ణం పెట్టాలి. కానీ తాను మంగలినేనని ఇంకొకరి చేత రాయించుకుని రావాలన్నారు. రాసిచ్చే ఆఫీసరు జుట్టు చెవుల మీదికి పడింది, సాక్ష్యం ఆయన నెత్తి మీదే ఉంది.

తర్వాత జూన్ 1న వీధి వ్యాపారులకు 10 వేలన్నారు. అదీ అప్పే, పైగా పట్టణాలకే. బాగేపల్లి టౌనులో బండి పెడితే వీధి వ్యాపారి. అదే బండి పాతపాళ్య సంతలో పెడితే ఏమనాలో ఢిల్లీవాళ్లు అప్పటికి పేరు పెట్టలేదు.

కన్నడంలో అప్పును సాల అంటారు. సాల సాలదు అంటే మా ఊళ్లో రెండు భాషలవాళ్లకూ తర్జుమా అక్కర్లేదు.

ఆ తర్వాతి సోమవారం నుంచి హోటళ్లు తెరవచ్చన్నారు. ఆలోగా ఒకరోజు మావాడు బాయిలర్‌కి చింతపండు పట్టించి తోముతున్నాడు. పలకరిస్తే తల ఎత్తకుండానే అడిగాడు. "అన్నా, ఈ ఫిబ్రవరి 29 మళ్లీ ఎప్పుడొస్తుంది?"

"2024లో."

"సరే. అంతలోపల మాంచి అప్పు ఒకటి చేసి పెట్టుకుంటా."